రబ్బరు పట్టీ

మురకంబట్టు దాటినాక, బైపాసుకు ఎడమపక్క,
రెండు లారీలు ఒకే పొద్దు వచ్చి నిలబడినాయి
మా షెడ్డు ముందర.

ఒకటి ఉక్కు బాడీ. పద్దెనిమిదేండ్లది.
పలకలు మా నాయనే కోసి అతికించినాడు.
రెండోది అల్యూమినియం. ఆరేండ్లది.
హోసూరులో కట్టింది, ఇంకా తోమిన చెంబు మాదిరే ఉండాది.

ఓనరు ఒకడే, చెంగల్రాయులు నాయుడు.
దిగీ దిగకనే అడిగినాడు:
"ఏది నిలస్తాది, దస్తగిరీ?
ఒక్క మాటలో చెప్పు.
ఇంకో రెండు బండ్లకు ఆర్డరు పెట్టాల."

ఇనుప బండి కిందికి దూరినా, గోనెసంచి పరిచి వెల్లకిలా.
జూన్ నెలంతా తోతాపురి కాయలు,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర మూడు రాత్రుల క్యూ,
అడుగున నలిగిన కాయల రసం
చుక్క చుక్కగా పలకల సందుల్లోకి.
మనకు తీపి. ఇనుముకు అది పులుపే.
స్క్రూడ్రైవరుతో పొడిస్తే
టీలో తడిసిన బిస్కట్టు మాదిరి దిగబడింది.
తుప్పు కంట్లో రాలింది, నోట్లో రాలింది,
చిన్నప్పటి బోరింగు నీళ్ళ రుచి.

అయినా ఇనుము దాచుకోదు.
నొప్పి ఉన్నచోట ఎర్రగా చూపిస్తాది.
కోసి పారేసి కొత్త ముక్క పెట్టొచ్చు.
అర్ధరాత్రి మొగిలి ఘాటులో విరిగినా
పక్క పల్లెలో ఒక మిషన్, నాలుగు రాడ్లు,
నిద్ర కండ్లతో ఒక పిల్లోడు దొరకతాడు.

అల్యూమినియం బండికి ఆ బాధ లేదు.
ఆరు మామిడి సీజన్లు, మదనపల్లి టమేటా,
నీళ్ళు కొడితే నిన్న కట్టినట్టే.
ఏడు వందల కిలోలు తేలిక,
ఆ మేరకు ముప్పై క్రేట్లు ఎక్కువ.
నాయుడు దాని మీదే చెయ్యి పెట్టుకోని నిలబడినాడు.

నేను సుత్తి తీసినా. మా నాయనది, పిడి మూడుసార్లు మారింది.
చిన్నగా, నిద్రపోయే ఇంటి తలుపు తట్టినట్టు
ఒక్కో రివిట్టు దగ్గర తట్టుకుంటా పోయినా.
ఠంగ్. ఠంగ్. ఠంగ్.
వెనక నుంచి నాలుగో అడ్డకమ్మి దగ్గర
ఠప్.

వెంట్రుకంత చీలిక.
"ఒక్క ట్రిప్పే అన్నా, కుప్పం గ్రానైటు,"
డ్రైవరు పళని నేల చూస్తా ఒప్పుకున్నాడు.
ఎర్రబడలేదు, మూలగలేదు.
లోపలే పెట్టుకోని ఎన్ని వేల మైళ్ళు తిరిగిందో.

ఇంకోటి కూడా చూసినా.
ఆ అడ్డకమ్మి ఇనుప చాసీ మీద కూర్చునే చోట
ఎవరో రబ్బరు పట్టీ వేసేది మరిచినారు.
నేరుగా ఆనించి బోల్టు బిగించినారు.
వాన తడి చాలు,
ఇనుము పక్కన అల్యూమినియం
గోడ సున్నం మాదిరి తెల్లగా రాలతా ఉండాది.

మా నాయన, మా చిన్నాయన ఇదే షెడ్డులో
ఇరవై ఏండ్లు పని చేసినారు,
నడాన ఒక బల్ల వేసుకోని, టీ గ్లాసులు వేరే పెట్టుకోని.
మేం పిల్లోళ్ళం నవ్వేవాళ్ళం.
ఆ బల్ల తీసిన ఏడాదే షెడ్డు రెండైంది.

నాయుడు గడియారం చూసుకున్నాడు. "అయితే?"
"రాయి మోసేదానికి ఇనుము, కాయ మోసేదానికి ఇది."
ఫోన్లో రాసుకోని పోయినాడు.
నేను చెప్పింది సగమే.

ఆర్గాన్ సిలిండరు రేణిగుంట నుంచి రావాల, రెండు దినాలు.
అందాకా ఇనుప బండి పని పట్టినా.
తుప్పు కోసుకుంటా మూలకు పోతే
పంచుతో కొట్టిన నాయన అంకె బయటపడింది,
నాలుగడుగుల ఆరంగుళాలు.
దాని చుట్టూ జానెడు పలక ఇంకా గట్టిగానే ఉండాది.
నేను గీసిన గీత దాని మీదుగానే పోతాది.

గ్రైండరు ఆపినా.
పాత ట్యూబు ఒకటి వెతికి తెచ్చి
కత్తెరతో పట్టీలు కోసుకుంటా కూర్చున్నా.